రెండొందలకి రెండొందలు

మా గ్లాస్‌హౌస్ బాబాయ్‌కి మొక్కలంటే ప్రాణమని ల్యాబులో అందరూ అనుకునేవాళ్ళు. ఉత్త మాట. ఆయనకి ప్రాణం ట్రేలంటే. నల్లటి ప్లాస్టిక్ ట్రే, అందులో రెండొందల గుంటలు, గుంటకో మొక్క, మొక్కకీ మొక్కకీ మధ్య సమానమైన ఎడం. అది చూసుకుంటే ఆయన కడుపు నిండేది. పూసిందా, కాసిందా అన్నది తర్వాతి సంగతి. వరస చెడితే మాత్రం ఆ పూట ఆయనకి టీ కూడా సహించేది కాదు.

దానికో కారణం ఉంది. మా దగ్గరికి రాకముందు ఆయన ఇరవై రెండేళ్ళు ప్రెస్సులో కంపోజిటర్. సీసపు అక్షరాలు ఒక్కొక్కటే ఏరి, వరసగా పేర్చి, పేజీ కట్టే పని. మా ల్యాబు నడిపే మేడమ్ రాసిన మొదటి పాఠ్యపుస్తకం ఆయన చేతి మీదుగానే అచ్చయిందట. అందులో కాగడా పెట్టి వెతికినా ఒక్క అచ్చుతప్పు దొరకలేదని మేడమ్‌కి ఆయన మీద గురి. కంప్యూటర్లొచ్చి ప్రెస్సు మూతపడ్డాక, మేడమే పిలిచి గ్లాస్‌హౌస్‌లో, అంటే ల్యాబు మొక్కలు పెంచే గాజు గదిలో, నీళ్ళు పోసే ఉద్యోగం ఇచ్చారు.

మనిషి పొట్టి. చొక్కా జేబులో ఎప్పుడూ ఒక సన్న పట్టకారు, కంటికి బిగించుకునే చిన్న భూతద్దం ఉండేవి. రెండూ ప్రెస్సు నాటివే. గ్లాస్‌హౌస్‌లోకి వచ్చినా ఆయన భాష మాత్రం అచ్చాఫీసు దాటి రాలేదు. "మొలకలొచ్చాయా బాబాయ్?" అని అడిగితే, "మొదటి ప్రూఫు వచ్చిందమ్మా" అనేవాడు. మొక్క వంగితే "లైను జారింది" అనేవాడు. వేరే ల్యాబు వాళ్ళు తమ కుండీలు మా బల్ల మీద పెట్టిపోతే, "ఎవరు కట్టిన పేజీల ఫారం ఎవరి మెషీను మీద ఎక్కించారో చూడు" అని రోజంతా సణిగేవాడు.

ఇప్పటికీ తడి మట్టి వాసన, గాజు పలకల మీద నీటి చుక్కలు, ఫ్యాను తిరిగే చప్పుడు, ఈ మూడూ ఒక్కచోట కలిస్తే నాకు ఆయనే గుర్తొస్తాడు. ఇది ఇరవై ఏళ్ళనాటి మాట.

నేనప్పుడు రీసెర్చి స్టూడెంట్‌ని. నా పని వినడానికి చాలా చిన్నది. ఆకు మీద నూగు లేని మొక్కని వెతకాలి, అంతే. ఆవాల కుటుంబంలో ఒక జానెడు కలుపు మొక్క ఉంది. దాని ఆకుల మీద సన్నగా తెల్లటి నూగు ఉంటుంది. ఆ నూగు మొలవడానికి బోలెడు జన్యువులు పని చెయ్యాలి. అవి వాటంతటవి పనిలోకి దిగవు. ఎవరో ఒకరు "ఇక మొదలుపెట్టండి" అనాలి. ఆ మాట అనేది ఒక ప్రోటీన్. అది డీఎన్‌ఏ మీద తనకి తెలిసిన చోటు చూసుకుని కూర్చుంటుంది, పక్కనున్న జన్యువు పని మొదలుపెడుతుంది. ఆ ప్రోటీన్‌ని తయారుచేసే జన్యువు ఏదో కనిపెట్టడం నా థీసిస్.

మొక్కని అడిగితే చెప్పదు కదా. అందుకని మొండి దారి పట్టాం. గింజల్ని ఒక ఘాటైన మందులో నానబెడితే వాటి డీఎన్‌ఏలో అక్కడక్కడా తప్పులు పడతాయి. ఎక్కడ పడతాయో మన చేతిలో లేదు. ఆ గింజలు పెరిగి మొక్కలై కాచిన గింజల్ని, ఏ తల్లివి ఆ తల్లికి విడివిడిగా పొట్లాలు కట్టి, మళ్ళీ నాటాలి. ఇన్ని వందల కుటుంబాల్లో ఎక్కడో ఒకచోట, ఆ ఆజ్ఞ ఇచ్చే జన్యువే పాడై ఉంటుంది. ఆ ఇంటి పిల్లల్లో రెండో మూడో నూగు లేకుండా బోడి ఆకులతో పుడతాయి. అలాంటిది దొరికితే దాని డీఎన్‌ఏలో చెడిపోయిన ముక్క ఏదో వెతికి పట్టుకోవచ్చు. దొరక్కపోతే థీసిస్ లేదు.

ట్రేకి పది వరసలు. వరసకో కుటుంబం, ఇరవై గింజలు. ఆ గింజలు ఎంత చిన్నవంటే, తుమ్మితే ఒక కుటుంబం గాలికి పోతుంది. ఒకసారి పోయింది కూడా. తడిపిన పుల్ల కొసకి ఒక్కొక్క గింజే అంటించుకుని గుంటలో దింపేదాన్ని. ఆ తర్వాత పద్నాలుగు రోజులు ట్రే బాబాయ్ చేతిలో ఉండేది. నీళ్ళు ఆయనే, దీపాలు ఆయనే, ఎండ సరిపోయిందో లేదో చూసి ట్రేలు అటూ ఇటూ మార్చేదీ ఆయనే. పదిహేనో రోజున నేను భూతద్దం పట్టుకుని కూర్చునేదాన్ని. ఆకు తర్వాత ఆకు, నూగు తర్వాత నూగు.

మొదటి నెలలో అనుకుంటా, నేనలా ట్రే మీద వంగి ఉంటే బాబాయ్ నీళ్ళ డబ్బా కింద పెట్టి నా పక్కన నిలబడ్డాడు.

"అమ్మాయ్, రోజూ ఇంత శ్రద్ధగా చూస్తావు. వీటిల్లో ఏం వెతుకుతున్నావమ్మా?"

నేను తల ఎత్తలేదు. ఎనభై మూడో మొక్క మీద ఉన్నాను, లెక్క తప్పుతుందని భయం. "అదంతా పెద్ద కథ. చెప్పినా అర్థం కాదులే బాబాయ్" అన్నాను.

"సరేనమ్మా" అని ఆయన డబ్బా తీసుకుని పంపు దగ్గరికి వెళ్ళిపోయాడు. నేను ఎనభై నాలుగో మొక్కలోకి వెళ్ళిపోయాను.

ట్రేలు గడిచాయి. పది, ఇరవై, నలభై. బోడి ఆకు మాట దేవుడెరుగు, కనీసం వంకర ఆకు కూడా దొరకలేదు. ప్రతి ట్రేలోనూ రెండొందలకి రెండొందలు, ఆరోగ్యంగా, పచ్చగా, బడిలో ప్రార్థనకి నిలబెట్టిన పిల్లల్లా ఒకే ఎత్తున ఉండేవి. పైగా నాకు దాని మీద గర్వం ఒకటి. పక్క ల్యాబు వాళ్ళకి వందలో డెబ్బై మొలిస్తే గొప్ప. నాకు నూటికి నూరు. నా చేతి చలవ అని అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెప్పుకుని తిరిగాను. ఇప్పుడు తలుచుకుంటే నెత్తి బాదుకోవాలనిపిస్తుంది.

రెండో ఏడు సగానికి వచ్చేసరికి నా మొహం మాడిపోయింది. అమ్మ ఫోన్ చేసినప్పుడల్లా "ఇంకా ఆ గడ్డి మొక్కలేనా?" అనేది. రెండేళ్ళ గడువు దగ్గరపడుతోంది. మేడమ్ కటువుగా మాట్లాడే మనిషి కారు, కానీ ఒకనాడు గదిలోకి పిలిచి విషయం చెప్పేశారు. వేసవి సెలవుల్లోపు ఒక్క బోడి మొక్కయినా దొరక్కపోతే ఈ పని ఆపేయాలి. నా సీటు వేరే వాళ్ళకి ఇచ్చేస్తారు, నేను ఇంటికి. అప్పటికి నా చేతిలో మిగిలింది ఆరు వారాలు.

ఆ ఆరు వారాల్లో నేను మనిషిని కాదు. పలకరిస్తే కరిచేదాన్ని. బాబాయ్ ఒక్కడే నన్ను తప్పించుకు తిరగలేదు. రోజూ పదకొండింటికి టీ తెచ్చి ట్రేకి బారెడు దూరంలో పెట్టేవాడు, ఆకుల మీద ఆవిరి తగలకూడదని. "ఈ ట్రే చూడమ్మా, ఎంత శుభ్రంగా వచ్చిందో" అనేవాడు. నాకు ధైర్యం చెబుతున్నాననుకున్నాడు పాపం.

అరవై నాలుగో ట్రే కూడా అయిపోయాక సోమవారం మీటింగులో లెక్కలు పెట్టాను. ఆరొందల నలభై కుటుంబాలు, బోడి మొక్కలు సున్నా. మేడమ్ కాగితం అటూ ఇటూ తిప్పి చూశారు. కళ్ళజోడు తీశారు. ఆవిడ కళ్ళజోడు తీశారంటే ఎవరికో మూడిందన్నమాట.

"మందు పెట్టని గింజలు ఒక ట్రే వేస్తావు కదా, పక్కన పోల్చి చూసుకోవడానికి?"

"వేస్తాను మేడమ్."

"అందులో ఎన్ని మొలిచాయి?"

"అవి అంత బాగా రాలేదు మేడమ్. రెండొందల్లో నూట అరవై, నూట యాభై..."

"మందు తాగిన గింజలు నూటికి నూరు మొలిచాయి. ఏ మందూ తాగనివి ముప్పాతిక మొలిచాయి. నువ్వు దీన్ని రెండేళ్ళుగా చూస్తున్నావు. నీకేమీ అనిపించలేదా?"

అనిపించాలి కదా! బడిపిల్లలకి కూడా అనిపిస్తుంది. విషం తాగినవాళ్ళు కుస్తీ పడుతుంటే, పాలు తాగినవాళ్ళు మంచం పట్టడం ఎక్కడైనా ఉందా? నా చేతి చలవ మీద నాకున్న నమ్మకం కళ్ళు మూసేసింది.

బాబాయ్‌ని అడుగుదామని గ్లాస్‌హౌస్‌కి పరుగెత్తాను. ఆయన లేడు. తడి గచ్చు మీద జారి మడమ బెణికిందనీ, నాలుగు రోజులు రాడనీ వాచ్‌మన్ చెప్పాడు. నేను ఆగలేదు, ఇల్లు కనుక్కుని వెళ్ళాను.

మూడో అంతస్తులో రెండు గదుల ఇల్లు. తలుపు తీసింది ఆయన భార్య. గట్టి మనిషి, గొంతు కూడా గట్టిదే. "నువ్వేనా ఆ ట్రేల అమ్మాయివి? రామ్మా, రా. కాలు బెణికినా ఆయన నోరు మాత్రం బెణకలేదు, పొద్దుట్నించీ నీ ట్రేలకి నీళ్ళెవరు పోస్తారని ఒకటే గోల" అంటూ లోపలికి తీసుకెళ్ళింది. ఆవిడని నేను ఆ క్షణం నుంచే పిన్నీ అన్నాను. ఇంకోలా పిలవడానికి వీల్లేని మనిషి.

బాబాయ్ వంటింట్లో స్టూలు మీద, కాలుకి కట్టుతో, కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. ఆ కిటికీ చూసి నేను గుమ్మంలోనే ఆగిపోయాను.

గట్టు నిండా డబ్బాలు. టీపొడి డబ్బాలు, పాలపొడి డబ్బాలు, పైమూత కోసేసిన మందు సీసాలు. ఒక్కోదాంట్లో ఒక్కో మొక్క. నా మొక్కలే. ఒకటి పసుపుపచ్చగా పాలిపోయి ఉంది. ఒకటి బొటనవేలంత గిడస. ఒకదాని ఆకులు చుట్ట చుట్టుకుపోయి ఉన్నాయి. ఆ చివర, పంచదార డబ్బాలో ఒకటి ఎండ పడి మెరుస్తోంది. నూగున్న ఆకు మెరవదు. ఇది నూనె రాసినట్టు నున్నగా ఉంది.

వెళ్ళి వేలితో తడిమాను. బోడి ఆకు.

దాని వెనకే ఇంకొకటి. దాని పక్కన మూడోది.

"బాబాయ్, ఇవి ఎక్కడివి?" అన్నాను.

"మన ట్రేల్లోవేనమ్మా. బాగా రానివి తీసేస్తుంటా కదా" అన్నాడు ఆయన, అదేదో చిన్న విషయం అన్నట్టు. "పదో రోజుకి తెలిసిపోతుంది, ఏది నిలబడుతుందో ఏది చెడుతుందో. ఈ నున్నటివి మరీ దండగ, పురుగు ముందు వీటినే కొరుకుతుంది, అక్కణ్నించి వరసంతా పాకుతుంది. పట్టకారుతో తీసేసి, పక్కన నువ్వు విడిగా వేసే ట్రేలోంచి మంచిది ఒకటి తెచ్చి పెడతా. ఖాళీ వదలకూడదు కదమ్మా. పేజీలో ఖాళీ ఉంటే కంపోజిటర్‌కి సిగ్గుచేటు."

అరికాలి మంట నెత్తికెక్కడం అంటే ఏమిటో నాకు ఆ రోజు తెలిసింది. పెద్దాయన, కాలికి కట్టు, ఏదీ కనబడలేదు.

"నా రెండేళ్ళు పట్టుకెళ్ళి ఈ డబ్బాల్లో నాటావు బాబాయ్! నేను వెతికేది వీటినే. ఈ చెడ్డవాటినే! రోజుకి ఎనిమిది గంటలు కళ్ళల్లో ఒత్తులేసుకుని వెతికాను. నువ్వు నాకంటే ముందొచ్చి ఏరి పారేశావు! వచ్చే నెల నన్ను ఇంటికి పంపేస్తున్నారు తెలుసా?"

ఆయన మొహంలో రక్తం ఇంకిపోయింది. చేతిలో ఉన్న పట్టకారు గట్టు మీద పెట్టేశాడు. ఇరవై రెండేళ్ళు ఒక్క తప్పు రానివ్వని మనిషి. తను చేసిన పనే తప్పని వినడం ఆయనకి అదే మొదటిసారి అనుకుంటాను.

నన్ను ఆపింది పిన్ని. పెద్దగా అరవలేదు. గిన్నె దించి, చేతులు తుడుచుకుంటూ అంది. "అమ్మాయ్, ఏం వెతుకుతున్నావని ఆయన నిన్ను ఒకసారి అడిగారట కదా. చెప్పినా అర్థం కాదన్నావట. ఆ రోజు ఇంటికొచ్చి అన్నం సరిగ్గా తినలేదమ్మా ఈయన."

"నువ్వూరుకో" అన్నాడు బాబాయ్ నేల చూస్తూ. "చిన్నపిల్ల, పని ఒత్తిడిలో అంది."

ఆ మాట నేను అన్నట్టు కూడా నాకు గుర్తులేదు, ఆవిడ చెప్పాకే ఎనభై మూడో మొక్కతో సహా గుర్తొచ్చింది. సిగ్గుతో చచ్చిపోయాను. అక్కడే వంటింటి గచ్చు మీద చతికిలబడి ఏడ్చాను. పిన్ని నీళ్ళిచ్చింది. ఆయనైతే, పాపం, బెణికిన కాలుతో లేవబోయి మళ్ళీ కూలబడ్డాడు.

కాసేపటికి తేరుకుని, ఆ రోజు చెప్పాల్సింది అప్పుడు చెప్పాను. నూగు సంగతి, మందు సంగతి, డీఎన్‌ఏ మీద కూర్చునే ప్రోటీన్ సంగతి. పది నిమిషాలు పట్టింది. రెండేళ్ళలో నాకు దొరకని పది నిమిషాలు.

బాబాయ్ అంతా విని, "అంటే ఫోర్‌మన్ అన్నమాట" అన్నాడు. "మా ఫోర్‌మన్ తన చేత్తో ఒక్క అక్షరమూ పేర్చేవాడు కాదు. కానీ ఆయన రాని రోజున ఒక్క ఫారమూ మెషీనెక్కేది కాదు. మనుషులందరూ ఉంటారు, సామాను ఉంటుంది, పని మాత్రం జరగదు. ఈ బోడి మొక్కలో ఫోర్‌మన్ రాలేదు. అంతేనా?"

అంతే. నేను మూడు పేజీల్లో రాసుకున్నది అంతే.

"మరి డీఎన్‌ఏ అంత పొడుగు దారం అంటున్నావు. ఎక్కడ కూర్చోవాలో వాడికెలా తెలుస్తుంది?"

"కళ్ళు లేవు కదా బాబాయ్, ఆకారం తడిమి గుర్తుపడుతుంది. డీఎన్‌ఏ మెలికల మధ్య గాడి ఉంటుంది. ఆ గాడిలో దిగి, తనకి సరిపోయే చోటేదో..."

ఆయన కళ్ళు మెరిశాయి. "మేమూ అంతేనమ్మా! అక్షరం మొహం చూసి ఎవరు తీస్తారు? ప్రతి సీసపు ముక్కకీ ఒంటి మీద గాడి ఉంటుంది. వేలితో గాడి తడిమితే తిన్నగా ఉందో తలకిందులైందో తెలిసిపోతుంది. కళ్ళు మూసుకుని పేజీ కట్టేవాళ్ళం." పట్టకారు వదిలేసిన ఆ వేళ్ళు గాల్లో అక్షరం పట్టుకున్నట్టు కదిలాయి. ఈ మనిషికా నేను అర్థం కాదని చెప్పాను అనుకున్నాను.

కానీ అసలు చిక్కు అలాగే ఉంది. మూడు బోడి మొక్కలు దొరికాయి సరే, అవి ఎవరి పిల్లలో తెలియకపోతే ఉపయోగం సగమే. ఒకే తల్లి పిల్లలైతే ఒక్క సాక్ష్యం కింద లెక్క. రెండు వేర్వేరు కుటుంబాల్లో ఒకే జన్యువు పాడై, రెండూ బోడిగా వచ్చాయని చూపిస్తేనే నూగుకి పెత్తనం ఆ జన్యువుదే అని గట్టిగా చెప్పగలం. ఏ ట్రే, ఏ వరస అన్నది ఎవరికి తెలుసు? ఆ మాటే నీళ్ళు నములుతూ అడిగాను.

బాబాయ్ నా వైపు విచిత్రంగా చూశాడు. "డబ్బా తిప్పి చూడు."

తిప్పాను. రేకు మీద మేకుతో గీసి ఉంది. ట్రే ముప్పై ఒకటి, వరస ఏడు. రెండోదీ అదే. మూడోది ట్రే యాభై ఎనిమిది, వరస రెండు.

"అక్షరాల పెట్టెల్లో ఏ కేసులోది ఆ కేసుకి పోవాలి కదమ్మా" అన్నాడు. "అరిగిన అక్షరాన్ని కూడా మేం పారేయం. అది ఏ ఫౌంటుదో చూసి విడిగా వేస్తాం, కరిగించి మళ్ళీ పోతపోస్తారు. మొక్కని కరిగించలేను. పారేయబుద్ధి కాలేదు. అందుకని తెచ్చి పెంచుతున్నా."

పిన్ని మంచం కింద నుంచి ఒక చెక్క పళ్ళెం లాగింది. ప్రెస్సు మూసేసిన రోజు ఆయన అడిగి తెచ్చుకున్న అక్షరాల కేసు అది, చిన్న చిన్న గళ్ళతో. ప్రతి గడిలోనూ మడిచిన కాగితం పొట్లాలు. పొట్లం మీద ట్రే, వరస, తీసిన తేదీ. రెండేళ్ళుగా తీసేసిన ప్రతి మొక్కా కాచిన గింజలు. "ఇల్లంతా ఈ సామానే, మంచం కింద చీపురు పట్టదు" అని పిన్ని సణిగింది. నేను ఆవిడని కౌగిలించుకున్నాను.

తిరిగి వచ్చేముందు బాబాయ్‌తో ఒక మాట అన్నాను. మేడమ్‌తో ఇదంతా చెప్పక్కర్లేదు, బోడి మొక్కలు చివరి ట్రేల్లో దొరికాయని రాసుకుంటాను అని. ఆయన ఉద్యోగం పోతుందని నా భయం. రిటైరవడానికి ఇంకా నాలుగేళ్ళుంది.

ఆయన వినలేదు. "తప్పొప్పుల పట్టిక వెయ్యకుండా తప్పు దాచిన పుస్తకం నా చేతి మీదుగా పోలేదమ్మా" అన్నాడు. నాలుగో రోజున కుంటుకుంటూ వచ్చి, మేడమ్ బల్ల ముందు నిలబడి, ఒక్క అక్షరం దాచకుండా చెప్పాడు. కూర్చోమన్నా కూర్చోలేదు. నేను గుమ్మం దగ్గర నిలబడ్డాను.

మేడమ్ కళ్ళజోడు తీశారు.

"మొత్తం ఎన్ని తీశారు?"

"నాలుగొందల పన్నెండు మేడమ్."

"అన్నిటి గింజలూ ఉన్నాయా?"

"ఉన్నాయి మేడమ్. వరసలో ఉన్నాయి."

"రేపు ఆ కేసు ఇక్కడికి తెప్పించండి" అన్నారు మేడమ్. తర్వాత నా వైపు తిరిగారు. "ఈయనకి నువ్వు ఏం వెతుకుతున్నావో చెప్పలేదా?"

నేను తల దించుకున్నాను. ఆవిడ ఇంకేమీ అనలేదు. అని ఉంటే బాగుండేది.

నా సీటు నిలిచింది. ఆ తర్వాతి మూడేళ్ళు నా జీవితంలోకెల్లా మంచి రోజులు. పదకొండింటి టీ ఇప్పుడు ఇద్దరం కలిసి తాగేవాళ్ళం. ఏ ట్రేలో ఏం వేశానో, ఎందుకు వేశానో చెప్పాకే ఆయన నీళ్ళ డబ్బా ముట్టుకునేవాడు. ట్రేల్లో ఖాళీలు కనిపించేవి. ఒక్కో ఖాళీ చూసి ఆయన పళ్ళు నూరుకుంటూ పక్కకి తిరిగేవాడు, చెయ్యి మాత్రం పెట్టేవాడు కాదు. రెండు కుటుంబాల బోడి మొక్కల్లోనూ చెడింది ఒకే జన్యువని తేలింది. దాని ప్రోటీన్‌ని తయారుచేసి, చిన్న డీఎన్‌ఏ ముక్కతో కలిపి, జెల్లు అనే మెత్తటి పలకలో కరెంటు పెట్టి పరుగెత్తించాను. ఒంటరి ముక్క చకచకా కిందికి పోయింది. ప్రోటీన్ పట్టుకున్న ముక్క బరువెక్కి వెనకబడింది. ఆ రెండు గీతల ఫోటో చూసి, "ఫోర్‌మన్ కుర్చీలో కూర్చున్నాడు" అన్నాడు బాబాయ్. చివరికి మంచి జన్యువుని బోడి మొక్కలోకి తిరిగి ఎక్కించాం. పదో రోజు పొద్దున్నే ఆయన భూతద్దం కంటికి బిగించుకుని ట్రే మీద వంగాడు. "వచ్చిందమ్మా" అన్నాడు. కొత్త ఆకు అంచున ఒకే ఒక్క తెల్లటి నూగు. నాకంటే ముందు ఆయనే చూశాడు.

ఆయన మంచం కింది కేసులోని గిడస మొక్కలు, పాలిపోయిన మొక్కలు పదేళ్ళపాటు మా ల్యాబులో ఎంతమందికి థీసిస్‌లయ్యాయో చెప్పలేను.

నా థీసిస్ బైండింగుకి వెళ్ళే ముందు రోజు బాబాయ్ ఒక కాగితం తెచ్చి ఇచ్చాడు. ఆహ్వానపత్రికలు వేసే పాతకాలపు ప్రెస్సొకటి ఇంకా మిగిలి ఉంటే, అక్కడికి వెళ్ళి, తన చేత్తో కంపోజ్ చేసి వేయించాడు. సీసపు అక్షరాలు కాగితంలోకి దిగి, వెనక నుంచి తడిమితే తెలుస్తున్నాయి. పైన "తప్పొప్పుల పట్టిక" అని ఉంది. కింద ఒకే ఒక్క వాక్యం. "పాత ట్రేల లెక్కల్లో, ఒకటో ట్రే నుంచి అరవై నాలుగో ట్రే దాకా ఏ మొక్కనూ తీయలేదు అని ఉన్నచోట, గ్లాస్‌హౌస్ పనివాడు తీశాడు అని చదువుకోవాలి."

రెండుసార్లు చదివాను. "దీనికింద ఇంకో వాక్యం వెయ్యి బాబాయ్" అన్నాను. "నాది."

"నీదేముంది?"

"ఆ రోజు నువ్వడిగితే నేనన్న మాట."

ఆయన నవ్వాడు. భూతద్దం తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. "అది పుస్తకంలో లేదు కదమ్మా. అచ్చులో పడని మాటకి తప్పొప్పులు వెయ్యరు."

ఎంత బతిమాలినా వెయ్యలేదు. ఆ మాట మర్చిపొమ్మని అన్నాడో, నోటి మాటకి సవరణే ఉండదని అన్నాడో నాకు ఆ రోజూ తెలియలేదు, ఇప్పుడూ తెలియదు. ఆ కాగితం మాత్రం నా థీసిస్ చివర అంటించి ఉంది.

బాబాయ్ పోయి ఆరేళ్ళయింది. ఇప్పుడు నాకూ ఒక గ్లాస్‌హౌస్ ఉంది, ట్రేలున్నాయి. ఇన్నాళ్ళకి ఇది రాశాను కాబట్టి ఆ మాట అచ్చులో పడుతుంది. ఇక సవరణ వేసుకోవచ్చు.

తప్పొప్పుల పట్టిక: పైన "చెప్పినా అర్థం కాదులే బాబాయ్" అని ఉన్నచోట, "ఇలా కూర్చో బాబాయ్, చెబుతాను" అని చదువుకోవాలి.